ఎడమ బటన్‌లో అట్టముక్క

సోమవారం
మా ప్రింటింగ్ ప్రెస్సుకి నన్ను సేఫ్టీ ఆఫీసర్ని చేశారు. కారణం: నా దస్తూరీ బాగుంటుందట! ప్రమాదం జరిగాక ఏడవడం కాదు, జరగకముందే ఆపాలి. పుస్తకంలో చదివాను.
మొదటి పని, కాగితాలు కోసే మెషీన్. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే కత్తి దిగుతుంది. మా పిన్ని ఎడమ బటన్‌లో అట్టముక్క కుక్కి, ఆ చేత్తో కాగితాలు సర్దుతుంది. పొద్దున నాకు జడ వేసేదీ ఆ చెయ్యే.
ఇకమీదట అట్టముక్క కనిపిస్తే మెషీన్ ఆపిస్తాను. నోటితో. గట్టిగా!

మంగళవారం
గొంతు సవరించుకున్నాను.
"జలుబు చేసిందా?" అంది పిన్ని.
"ఆ అట్టముక్క..."
"తీస్తే పని తెమలదే. ఇన్నేళ్లుగా కోస్తున్నా, ఈ కత్తికి నా చెయ్యి తెలుసు."
కత్తికి తెలిస్తే సరిపోతుందా అని అడగాల్సింది. ఇంటికొచ్చాక తట్టింది.

బుధవారం
మాటకన్నా రాత మేలు. దళసరి అట్ట మీద ఎర్రటి పోస్టరు: "రెండు చేతులూ బటన్ల మీదే!"
"పోస్టరు పెట్టాక ఇంక ప్రమాదం ఎలా వస్తుందమ్మా?" అన్నారు మేనేజరు. నిజమే అనిపించింది.

గురువారం
పోస్టరుకి ఒక మూల లేదు. ఆ మూల ఎడమ బటన్‌లో ఉంది.
"పాతదానికన్నా గట్టిగా ఉందే, తల్లీ!" అంది పిన్ని.
నవ్వేశాను. పెద్దవాళ్లని ఎదిరించకూడదు కదా.

శుక్రవారం
రేపు తనిఖీ. సాయంత్రానికి కట్టలకొద్దీ సేఫ్టీ పోస్టర్లు కోయాలి. అట్టముక్క కింద పడింది. నేనే తీసి పిన్నికిచ్చాను. నేల మీద చెత్త ఉండకూడదు, అదీ నియమమే!
కాసేపటికి పిన్ని కేక. గ్లవ్ చిటికెనవేలి కొస తెగి పోస్టర్ల మీద పడింది. కొస మాత్రమే. లోపల వేలు లేదు. చవగ్గా వస్తాయని మేనేజరు అందరికీ మగవాళ్ల పెద్ద సైజు గ్లవ్‌లు కొన్నారు. ఆ పిసినారితనమే కాపాడింది.
"ఏమీ కాలేదుగా! అయితే ప్రమాదం కాదు, రిజిస్టర్లో రాయకు" అన్నారు మేనేజరు.
రాయలేదు.

శనివారం
పొద్దున పిన్ని జడ వదులుగా వేసింది. రెండుసార్లు విప్పి మళ్లీ అల్లినా అంతే.
తనిఖీవాళ్లు పోస్టర్లు చూసి మెచ్చుకుని వెళ్లారు. వాళ్లు గేటు దాటారో లేదో, బటన్‌లో మళ్లీ అట్టముక్క.
ఈసారి గొంతు సవరించుకోలేదు. వెళ్లి ఎర్ర బటన్ నొక్కాను. మెషీన్ ఆగింది. ప్రెస్సంతా నా వైపే చూసింది.
"ఏమైందే?" అంది పిన్ని.
"ఇంకా ఏమీ కాలేదు పిన్నీ."
అట్టముక్క ఈ పేజీలో గుర్తుగా పెట్టాను. సోమవారం ఇంకోటి కుక్కుతుంది, నాకు తెలుసు. అదీ పీకి తెస్తాను. డైరీ లావెక్కితే ఎక్కనీ.