మూడుసార్లు కొట్టిన గాలి

బావమరిదికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ ఒక్కడూ క్షేమమే. నువ్వు, చెల్లమ్మ, పిల్లలు బాగున్నారనుకుంటాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడుసార్లు చదివాను. రెండుసార్లు చింపేద్దామనుకున్నాను. అడిగినవాటికి జవాబు రాస్తున్నాను. మధ్యలో కోపం వస్తే వస్తుంది. కొట్టేసి మళ్ళీ రాసే ఓపిక లేదు.

అక్క ఆఖరి రోజు ఎలా గడిచిందని అడిగావు.

ఆ రోజు బుధవారం. ఆరున్నరకు లేచింది. నేను కలిపిన కాఫీ సగం తాగి, "కాఫీలో చక్కెర వేశారా, చక్కెరలో కాఫీ పోశారా?" అంది. మందులు వేసుకుంది. ఎనిమిదింటికి ముందుగదిలో కిటికీ పక్కనున్న మంచం మీదికి మారింది. నేను పేపరు చదివాను, ఆమె నా ఉచ్చారణలో తప్పులు పట్టింది. పక్కింటావిడ వచ్చి పావుగంట కూర్చుని, వాళ్ళ అల్లుణ్ణి దులిపేసి వెళ్ళింది. ఒంటిగంటకు అక్క నాలుగు ముద్దలు తింది. రెండింటికి నిద్రపోయింది. నాలుగింటికి టీ తీసుకెళ్ళి లేపాను. లేవలేదు. డాక్టరు వచ్చేసరికి నాలుగూ నలభై. "నిద్రలోనే గుండె ఆగిపోయిందండీ. బాధపడి ఉండరు" అన్నాడు.

ఫోనులో నీకు చెప్పింది ఇదే. ఆఫీసువాళ్ళకీ, వచ్చిన బంధువులకీ చెప్పింది ఇదే. చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసింది.

తర్వాత నువ్వు రాసింది ఇది: "ఖాళీ తుపాకీ కదా బావా, ఎవరికేం తగిలిందని పదిమందిలో నన్ను బయటికి పొమ్మన్నావు?" ఆ ‘ఖాళీ’ అన్న మాట దగ్గరే మొదటిసారి చింపబోయాను. దీనికి జవాబు కావాలంటే తుపాకీ సంగతి మొదటినుంచీ వినాలి. నీకు సగమే తెలుసు.

ఆరు నెలల కింద డాక్టరు మీ అక్క గుండె బలహీనంగా ఉందని చెప్పి, చెయ్యకూడనివన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. మెట్లు ఎక్కకూడదు. బకెట్ ఎత్తకూడదు. బట్టలు ఉతకకూడదు. కాగితం ఒకవైపు నిండిపోయింది. చెయ్యదగినవేమిటో ఒక్కటీ రాయలేదు. మీ అక్క దాన్ని తిప్పి చూసి, "ఇటువైపు ఖాళీ. అంటే ఇటువైపు నా ఇష్టమన్నమాట" అంది.

ఆ ఇష్టం ఏమిటంటే, చిన్నప్పుడు మీ నాన్న దగ్గర ఉండేదే, అలాంటి ఎయిర్ గన్. నేనెప్పుడూ ముట్టుకోని వస్తువు. ఎలా పనిచేస్తుందో ఆమే చెప్పింది. గొట్టం కింద లివరు ఉంటుందట. దాన్ని లాగి మూసిన ప్రతిసారీ, సైకిలుకు గాలి కొట్టినట్టు, లోపల చిన్న అరలోకి గాలి ఎక్కుతుందట. ట్రిగ్గర్ నొక్కితే ఆ గాలి సీసపు గుండును తోస్తుందట. "గోడ మీద ఏడు డబ్బాలు పెడితే ఏడూ పడగొట్టేదాన్ని. తమ్ముడు గోడను కొట్టేవాడు" అంది.

వెతగ్గా వెతగ్గా పాత ఇనుప సామాన్ల కొట్లో ఒకటి దొరికింది. నల్లగా నిగనిగలాడుతోంది. ఇంటికి తెచ్చి గోటితో గీరితే రంగు పెచ్చుగా ఊడింది. కింద అంతా తుప్పు. చెక్కపిడిలో బెత్తెడు చీలిక. అందులో మైనం కూరి పైన బూటు పాలిష్ రుద్దారు. వెంటనే కొట్టుకు పోయాను.

"సార్, మీరు పాతది అడిగారా, కొత్తది అడిగారా?" అన్నాడు కొట్టువాడు.

"పాతదే."

"పాతదే ఇచ్చాను కదా. రంగు నా తరఫున బహుమతి."

నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. మీ అక్కకు చెబితే మంచం పట్టె పట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత అలా నవ్వింది. తిరిగి ఇచ్చెయ్యాలన్న మాట ఇక ఎత్తలేదు.

నాలుగు నెలలు పట్టింది. అన్నం బల్ల మీద పేపర్లు పరిచి పని చేశాను. కిరసనాయిలు, గరుకు కాగితం, అవిసె నూనె. ఇల్లంతా అదే వాసన. స్క్రూలు కలిసిపోకుండా మీ అక్క తన మందుల డబ్బాను ఖాళీ చేసింది. వారానికి ఏడు అరలుంటాయే, అది. ముందు విప్పినవి సోమవారం అరలో, చివర విప్పినవి ఆదివారం అరలో. మందులేమో గిన్నెలోకి పోయాయి. "చూసి మింగు, స్క్రూ వేసుకుంటావు" అనేవాణ్ణి. "వేసుకుంటే వేసుకున్నాను. ఒక మరైనా బిగుస్తుంది" అనేది.

తుప్పు పోయింది. చీలికకు జిగురు పెట్టి, తాడు బిగించి కట్టి, వారం ఉంచితే అతుక్కుంది. గాలి మాత్రం నిలవలేదు. ఎంత కొట్టినా కాసేపటికి బయటికి పోయేది. నీకు తెలుసుగా, నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళుగా వాల్వులు గీస్తున్నాను. కాగితం మీద నా వాల్వు ఒక్కటీ కారలేదు. ఇదొక్కటి ఆపలేకపోయాను. చివరికి స్టవ్వులూ, మందు కొట్టే పంపులూ బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను లోపలినుంచి అరచేతిలోకి ఒక రబ్బరు బిళ్ళ తీశాడు. పప్పుబద్దంత ఉంది.

"ఇదీ సార్ మీ దొంగ. కొత్తది కత్తిరించి, అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, రెండువైపులా సమంగా రుద్దండి. పెట్టాక కొంచెం గాలి కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ట్రిగ్గర్ నొక్కితే మోగాలి. మోగితేనే నిలిచినట్టు. అంతదాకా నిలిచిందని ఎవరికీ చెప్పకండి."

ఇంకొకటి కూడా చెప్పాడు. ఇలాంటి తుపాకీని పూర్తిగా ఖాళీగా ఉంచకూడదట. రెండు మూడు దెబ్బల గాలి లోపల ఉంటే, ఆ గాలే బిళ్ళను అదిమి పట్టుకుంటుందట. ఇంటికొచ్చి ఇవన్నీ మీ అక్కకు చెప్పాను. శ్రద్ధగా వింది. అక్కడే తప్పు చేశాను.

ఇక నువ్వు చెల్లమ్మతో, పిల్లలతో వచ్చిన రోజు. అక్క పోయి ఎనిమిది రోజులు. ముందుగది నిండా జనం. గోడకు తగిలించిన తుపాకీని నువ్వు తీశావు. ఒక కన్ను మూసి క్యాలెండరుకు గురిపెట్టావు. నొక్కావు. "టిక్" మంది. అంతే. గాలి చప్పుడు లేదు. నువ్వు అందరివైపూ తిరిగి, "మా బావ నాలుగు నెలలు బాగుచేసిన తుపాకీ ఇదీ! తుమ్మినంత గాలి కూడా రావట్లేదు!" అన్నావు. నవ్వారు. ఎనిమిది రోజుల్లో ఆ గదిలో అదే మొదటి నవ్వు. మనిద్దరం ముప్ఫై ఏళ్ళుగా ఒకరినొకరు ఇలాగే ఏడిపించుకుంటున్నాం. వేరే రోజైతే నేనూ ఒకటి తగిలించేవాణ్ణి.

"బయటికి పో" అన్నాను. వేళాకోళమనుకుని నవ్వుతూ నిలబడ్డావు. మళ్ళీ అన్నాను. భుజం పట్టుకుని గుమ్మం దాటించాను. చెల్లమ్మ పిల్లల చెప్పులు ఏరుకుంది. వెనకనుంచి ఎవరో, "పాపం, బాధలో ఉన్నాడు. పట్టించుకోకండి" అన్నారు. అన్నదెవరో చూసి ఉంటే వాళ్ళనీ పంపేసేవాణ్ణి.

నువ్వు తుపాకీతో ఆడినందుకు కోపమొచ్చిందని అందరూ అనుకున్నారు. అలాగే అనుకోనిద్దామనుకున్నాను. నీ ఉత్తరం రాకపోతే అలాగే ఉండేది.

ఇప్పుడు ఆ బుధవారానికి మళ్ళీ వెళ్ళాలి. పైన రాసినదాంట్లో పదకొండు నుంచి పదకొండున్నర వరకు ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి లేదు.

కొత్త బిళ్ళను ఆ పొద్దునే పెట్టాను. బిగింపు, విప్పినదానికి ఎదురు వరస కాబట్టి చివరి స్క్రూ సోమవారం అరలోది. పదకొండింటికి అది బిగించి, చూపిద్దామని మీ అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. పిడి మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇటివ్వండి."

"వద్దు. నేను కొడతాను, నువ్వు చూడు."

"చూడ్డానికి క్యాలెండరుంది. ఇటివ్వండి. మూడంటే మూడే."

"డాక్టరు కాగితంలో ఏముంది?"

"రెండోవైపు ఏమీ లేదు."

ఇచ్చాను. బకెట్ ఎత్తనివ్వని మనిషి చేతికి తుపాకీ లివరు ఇచ్చాను.

పిడిని పరుపులోకి ఆనించి మొదటిది కొట్టింది. తేలిగ్గానే మూసుకుంది. రెండోదానికి రెండు చేతులూ వాడింది. మూడోదానికి లివరు మీద ఒరిగి, ఒంటి బరువంతా మోపింది. సగంలో ఆగింది. నేను చెయ్యి చాచాను. "ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది. ఎంతసేపు పట్టిందో తెలియదు. మూసుకుంది. నుదుటి మీద చెమట. పెదవులు రంగు మారాయి. నీళ్ళిచ్చాను.

"నిలిచిందా?" అంది.

గొట్టం వెనక చెవి పెట్టాను. సన్నగా వినిపించింది. గాలి పోతోంది.

"నిలిచింది" అన్నాను.

"అయితే అలాగే ఉంచండి. సాయంత్రం ఎండ తగ్గాక గోడ మీద డబ్బా పెట్టండి. తమ్ముడికి ఫోను చేసి చప్పుడు వినిపిద్దాం. కుళ్ళుకుంటాడు."

తుపాకీని గోడకు తగిలించాను. ఆమె నిద్రపోయాక విప్పి, బిళ్ళ సరిచేసి, మూడుసార్లు నేనే కొట్టి పెడదామనుకున్నాను. ఆమెకు తెలియక్కర్లేదనుకున్నాను. రెండింటికి ఆమె నిద్రపోయింది. పేపరు చేతిలో ఉండగానే కుర్చీలో నేనూ నిద్రపోయాను. నాలుగింటికి లేచి టీ పెట్టాను. మిగతాది నీకు తెలుసు.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇది చెప్పాను. లోకంలో ఒక్క అతనికే చెప్పాను. "దానివల్లే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆ గుండె ఆ రోజు కాకపోతే ఆ నెల" అన్నాడు. రోగులకు సగం కాగితమే రాసిచ్చే అలవాటు అతనిది. బల్ల మీది సీసాలన్నీ కింద పడెయ్యాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చాను.

ఆమెకు మిగిలిన కాస్త బలంలో ఎంతో కొంత ఆ మూడు దెబ్బలకు పోయింది. అది తుపాకీలో భద్రంగా ఉందనుకుని ఆమె పడుకుంది. ఉందని చెప్పింది నేను. నువ్వు ట్రిగ్గర్ నొక్కి, లేదని పదిమందికీ వినిపించావు. అందుకే నిన్ను గెంటాను. నీ తప్పేమీ లేదు. అయినా ఇది రాస్తుంటే నీ మీద మళ్ళీ కోపం వస్తోంది. మూడంటే మూడే అన్నందుకు ఆమె మీద కూడా ఉంది. నా మీద ఉన్నదాని గురించి రాయను.

ఇది చదివాక నువ్వు నా మొహం చూడకపోవచ్చు. ఆమె గురించి మాట్లాడుకోవడానికి నాకు మిగిలింది నువ్వొక్కడివే. అది తెలిసే రాస్తున్నాను.

తుపాకీ నీకిచ్చెయ్యమన్నావు. "అచ్చం మా నాన్నదే" అని రాశావు. మీ నాన్నదాన్ని పిట్టగోడ మీద వానలో వదిలేసింది నువ్వని, తన్నులు తిన్నది తనని మీ అక్క ఈ ఏడే చెప్పింది. అప్పుడు నువ్వు నోరు విప్పలేదట. మొదటిదాన్ని పాడుచేసింది నువ్వు, రెండోదాన్ని నేను. రెండుసార్లూ ఆమె మనల్ని ఏమీ అనలేదు. నువ్వు నోరు విప్పనందుకు నిన్ను అనే అర్హత నాకు ఈ ఉత్తరం అందేదాకా లేదు.

తుపాకీ నీదే. వచ్చి తీసుకో. ఈసారి బయటికి పొమ్మనను. గుమ్మంలో నిలబడి తీసుకుంటావో, లోపలికొచ్చి కూర్చుంటావో నీ ఇష్టం.

చెల్లమ్మ తింటున్నానా అని అడిగింది. తింటున్నానని చెప్పు. ఉప్పు వేస్తే రెండుసార్లు వేస్తున్నాను, లేకపోతే అసలు వెయ్యడం లేదు. ఆమె పిల్లల చెప్పులు ఏరుకున్నది మరిచిపోలేదని కూడా చెప్పు.

మంగళవారం తుపాకీని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. బిళ్ళ తీసి వెలుతురులో పెట్టాడు. ఒకవైపు పలచగా ఉంది.

"ఎవరు పెట్టారు సార్ దీన్ని?"

"నేనే."

"అద్దం మీద రుద్దారా?"

"బల్ల మీద."

"రాత్రంతా ఉంచారా?"

"లేదు."

అద్దం ముక్క నా ముందుకు తోశాడు. అక్కడే కూర్చుని కొత్త బిళ్ళ రుద్దాను. గంటన్నర పట్టింది. ఈ రోజు ఇంట్లో పెట్టి బిగించాను. సాయంత్రం మూడుసార్లు గాలి కొట్టాను. నా చేతులకు అదేమంత పని కాదు. చెవి పెట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు. అయినా నిలిచిందని రాయను.

రేపు పొద్దున ముందు పోస్టాఫీసుకు వెళ్ళి ఈ ఉత్తరం వేస్తాను. మోగుతుందో లేదో చూశాక వేద్దామంటే, మోగకపోతే వేస్తానన్న నమ్మకం నా మీద నాకు లేదు. ఉత్తరం పెట్టెలో పడ్డాక ఇంటికొస్తాను. గోడ మీద డబ్బా పెడతాను. అప్పుడు ట్రిగ్గర్ నొక్కుతాను.

ఇట్లు,
నిన్ను గుమ్మం దాటించిన
మీ అక్క మొగుడు, నీ బావ