అరోవానాకి ఒలిచిన రొయ్యలు

మంగళవారం.

వారంగా నోరు తెరవని మా తొట్టెలోని అరోవానా ఈ సాయంత్రం తింది. మూరెడు చేప, పోతుందేమోనని నాకూ ముద్ద దిగలేదు. పోయిన మంగళవారం మా ఆవిడ అలవాటుకొద్దీ దాని రొయ్యలకూ ఉప్పు, పసుపు పట్టించింది. పెళ్లిలో నాకూ పసుపు పూశారు, నేను నోరెత్తలేదు. చేప మాత్రం ఉమ్మేసింది, ఆపైన ఏం వేసినా ముట్టలేదు.

ఆ రోజే తొట్టె నీళ్లు మార్చి, వేరే రొయ్యలు తెచ్చి, ముల్లు గుచ్చుకోకుండా తలా పెంకూ ఒలిచి, వట్టి నీళ్లతో కడిగి, పురుగులుంటే చావాలని ఫ్రీజర్లో ఉంచాను. ఇవాళ కరిగించి చిన్న ముక్క వేస్తే టప్పున అందుకుంది! ఇదంతా నేను సొంతంగా చదివి నేర్చుకున్నదే.

"క్యా బాత్ హై! నలభై ఏళ్లలో నాకొక్క రొయ్యయినా ఇలా ఒలిచారా?" అంది ఆవిడ.

తినగా మిగిలిన ముక్కలు కుళ్లకముందే తీసేస్తూ ఛాతీ ఇంకాస్త విరుచుకున్నాను. రేపటి కూరకి కూడా నేనే ఒలవాలేమో...