బొగ్గు బస్తాల వెనక

మసాకా

గౌరవనీయులైన మేనత్తకు,

జనం దూరం దూరంగా నిలబడాలని సంతలో సుద్దతో గీసిన వలయాలు రాత్రి వానకు సగం చెరిగిపోయాయి. ఈ ఉదయం ఒక వలయంలో కోడి నిలబడింది. దాన్ని ఎవరూ తోలలేదు. వరుసలో దాని వెనకే నిలబడ్డారు.

మీ ఊరి సెమ్వాంగగారు, నా చేతిలోంచి జారిన ఉప్పు పొట్లం తీసి అందించబోయారు. ఆయన ఒక అడుగు వేస్తే నేను రెండడుగులు వెనక్కి వేశాను. చివరికి బొగ్గు బస్తాల వెనక మోకరిల్లి, తల వంచి నమస్కరించాను. ఆయన పొట్లం నేల మీద పెట్టి వెళ్ళారు. ఆడవాళ్ళు నవ్వారు. ఈ జబ్బు తగ్గేదాకా దూరం పాటించమని రేడియోలో చెప్పారు కదా. ఆయనకు మీరే ఒక మాట చెప్పండి. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

మీ పెర్పెటువా

తా.క. ఉప్పు అక్కడే మరిచాను. చప్పటి చిక్కుడు గింజలు తిని, ఇవి ఉపవాస దినాలా అని నాన్న అడిగాడు.

*

పిల్లా,

నీ ఉత్తరం కంటే ముందే అరటి గెలల లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. చేతికిస్తే అందుకోక, వెనక్కి జరిగి నేల మీద పెట్టించుకునేది మన ఆచారంలో మామగారి ఎదుట కోడలే. పెళ్ళి మాటలు ఆడాల్సిన మేనత్తను నేను బతికుండగా, నాతో చెప్పకుండా సంబంధం కుదుర్చుకున్నావా? సెమ్వాంగ ముగ్గురు కొడుకుల్నీ నిలబెట్టి అడిగాడట. ఇద్దరు కాదన్నారు. మూడోవాడు మేకకు గడ్డి కోసుకొస్తానని వెళ్ళాడు.

అత్త నాల్వోగ

తా.క. రేడియో చెప్పింది రెండు మీటర్లు. మా మామగారిని చూసి నేనైనా అంత దూరం పోలేదు.

*

అత్తయ్యకు,

సంబంధమూ లేదు, ఏమీ లేదు. ఆయన దగ్గారు, నాకు భయమేసింది. అంతే.

పెర్పెటువా

తా.క. బొగ్గు దుమ్ముకి దగ్గి ఉండవచ్చు. బస్తా పడదోసింది నేనే.

*

తల్లీ,

నీ పేరు నిలబెడదామని నీ ఉత్తరం బావి దగ్గర బిగ్గరగా చదివాను. తా.క. దాకా రాకముందే అందరూ బిందెలెత్తుకుని పోయారు. ఇప్పుడు సెమ్వాంగ కాఫీ గింజలు ఎవరూ కొనడం లేదు. వాకిట్లో ఒక్కడే కూర్చుని, "దగ్గడం తప్ప నేనేం చేశాను, నాల్వోగా?" అన్నాడు.

అత్త

తా.క. మేక తినలేక పడుకుంది. మూడోవాడు ఇంకా గడ్డి కోస్తూనే ఉన్నాడు.

*

అత్తయ్యకు,

ఈ ఉత్తరం కూడా బావి దగ్గరే చదవండి, చివరిదాకా. సెమ్వాంగగారికి ఏ జబ్బూ లేదు. నేను జబ్బుకు భయపడలేదు కూడా. అంతకుముందే చేపలమ్మే ఆవిడతో మోచేతులు తగిలేలా కబుర్లు చెప్పాను. ఆయన్ని చూడగానే నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. మీకు చెప్పని మాట ఒకటి ఉంది కనుక, మీరు వచ్చినా ఆ బస్తాల వెనకే దాక్కునేదాన్ని. క్షమించండి.

మీ పెర్పెటువా

తా.క. సంతలో ఆ వలయాలు గీసేది ఆయన మూడో కొడుకు కవేసి. క్రిస్మస్ నాడు నన్ను పెళ్ళికి అడిగాడు. సరేనన్నాను.