డాలర్ షెడ్డు పాసులు

9, సోమవారం
గీతలు వంకర, అక్షరాలు తప్పు. కాగితమా, ఓర్చుకో. ఊరి బడిలో ఏడో తరగతి దాటని చెయ్యి ఇది.

పాశమైలారం ఫ్యాక్టరీ గేటు గార్డును. పాసుల కంప్యూటర్ నా ముందే. పైదేశాలకు పోయే మందులు చేసే షెడ్డును అందరూ డాలర్ షెడ్డు అంటారు. అక్కడి కాంట్రాక్టు కూలీల పాసు నంబర్లన్నీ $K తోనే మొదలు. ఆ కాంట్రాక్టరు మానుకున్నాడు, వాళ్ల పాసులు మూయాలట. దానికి బటన్ లేదు. నల్ల తెరలో ఒక వరుస కొట్టాలి. సిస్టం ఆఫీసరు కిరణ్ రాసి బల్లకు అంటించిపోయాడు.

10, మంగళవారం
కొట్టాను. చివరి కోట్ గుర్తు (') మరిచానేమో... తెర > అని ఒక్క గుర్తు వేసి కూర్చుంది. కిరణ్‌కి ఫోను. అటు పెళ్లి బ్యాండు.

"కంట్రోల్ సి నొక్కి మళ్ల కొట్టు తాతా. బయట డబుల్ కోట్లు, లోపల సింగిల్. జల్దీ! పరేషాన్ చెయ్యకు."

బల్ల మీది కాగితంలో దానికి ఉల్టా ఉంది. అడగబోయాను — పెట్టేశాడు. చెప్పినట్టే కొట్టాను.

ఒక్క పాసూ పలకదు. మేనేజరుది కూడా. రెండో షిఫ్టు మొత్తం రోడ్డు మీద. నా పక్క గార్డు యాదయ్యకు నవ్వు.

"ఏందే మామా, ఒక్క వరుసతోని కంపెనీకే తాళమేసినవ్!"

11, బుధవారం
కిరణ్ వచ్చి పాసులు తెరిచాడు. అందరి ముందు అరుపులు.

"డబుల్ కోట్ల నడుమ డాలర్ ఉంటే షెల్, గా నల్ల తెర, ఊకోదు తాతా. $K ని మింగేస్తది. మిగిలేది దాని ఎన్క ఉన్న % ఒక్కటే. % అంటే ఏ నంబరైనా, అందరి పాసులు! సింగిల్ల పెడితే ముట్టుకోదు. రాసిచ్చిన గదా? మార్చమని ఎవడు చెప్పిండు?"

నువ్వే... నోట్లోనే ఆగింది. పాడు నోరు. వాడు నన్ను చూడనే లేదు, మేనేజరు ముఖమే చూస్తున్నాడు.

మేనేజరు — "తప్పు నాదే అని రాసియ్యి. లేకుంటే ఎల్లుండికెల్లి గేటుకు రాకు."

12, గురువారం
మొన్న కిరణ్‌తో మాట్లాడినప్పుడు ఫోను స్పీకర్‌లో ఉంది. యాదయ్య విన్నాడు. మేనేజరుకు చెప్పమని అడిగాను.

"ఇన్న. గని నన్ను గీ లొల్లిలకు గుంజకు మామా, దండం పెడత."

థూ. టీ పంచుకున్న మనిషి.

రాసిస్తే కిరణ్‌గాడు మళ్లీ ఏదో పెళ్లిలో నుంచి అరుస్తాడు, అదీ నా నెత్తినే. రాయకపోతే కుర్చీ పోతుంది. ఈ వయసులో ఇంకే గేటు పిలుస్తుంది?

తెల్ల కాగితం ముందుంది. "తప్పు" అన్నంతవరకు రాశాను. ఆ తర్వాత ఎవరి పేరు? డైరీ కాగితమా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జవాబియ్యి, జల్దీ... పొద్దున సైరన్ మోగకముందే.