ఈశ్వరి ఫోనుకి మూడు దేశాల ప్లాను

కాసిడీహ్,
జంషెడ్‌పూర్.

మా చెల్లెలు పైడమ్మకి అన్న అప్పలస్వామి దీవించి రాస్తున్నది.

మీరంతా బాగున్నారనుకుంటున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా, ఇంకా వీధి కుక్కలతో పోటీ పడుతున్నాడా? ఇక్కడ మేమంతా బాగున్నాం అని ప్రతిసారీ రాసేవాణ్ణి. ఈసారి ఆ మాటకి చెయ్యి రావడం లేదు. తింటున్నాం, పడుకుంటున్నాం. వాన పట్టుకుని వదలడం లేదు, గోడలు చెమ్మెక్కిపోయాయి. మనవరాలు పింకీ కాలేజీకి వెళ్తోంది. కోడలు ఈశ్వరి వంట చేసి మా ఇద్దరికీ పెడుతోంది, తను తింటోందో లేదో చూడబోతే కంచం కడిగేసి ఉంటోంది. అంతవరకు మా క్షేమం.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. రమణ ఆదివారం ఆదివారం మేనత్తా అంటూ నీకు ఫోను చేసేవాడు కదా, ఆ పని ఇక తనదే అనుకుని ఈశ్వరి చేస్తోంది. నువ్వు అదీ ఎత్తడం లేదు. ఫోనైతే కట్ చేస్తావు, పోస్టుమేన్‌ని కట్ చెయ్యలేవు. ఇది చదివి వినిపిస్తున్న పిల్ల ఎవరో గాని, అమ్మా, మీ నాయనమ్మ మొహం చూసి భయపడి మధ్యలో ముక్కలు మింగెయ్యకు. నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఐదో తరగతి పంతులే నాతో వేగలేక ఇంటికి పొమ్మన్నాడు. కూడబలుక్కుని చదువు.

రమణ దినాలకి నువ్వు రాలేకపోయావు. దానికి నాకేమీ లేదు. కాని పెద్దకర్మ నాడు ఫోన్లో నువ్వు నాతో అన్న మాట ఈశ్వరి కూడా వింది. నీ గొంతుకి స్పీకరు అక్కర్లేదు, పక్క గదిలోకి వినిపించింది.

"దారిన ఎల్లీదానికి సావు కబురు సెప్తారేటి అన్నియ్యా? మొగుడు పోనాడని తెలిసీ అది ఇమానాలెక్కి దేశాలు తిరిగినాది. మైల మనిషి, నలుగురి మద్దినా కూకుంది. రేపు మనింట్లో శుభానికి దాన్ని ఎలగ పిలవాల?"

అందులో తప్పేదైనా ఉంటే అది నాది, ఆ పిల్లది కాదు. ఎలా జరిగిందో చెప్తాను, విను.

ఆదిత్యపూర్‌లో రమణ పనిచేసిన చిన్న కార్ఖానా మూతపడ్డాక వాడు రొమేనియాలో ఓడలు కట్టే చోట వెల్డింగు పనికి వెళ్ళాడు కదా. ఓడ లోపలి టాంకులోకి దిగుతూ పడ్డాడు. తలకి దెబ్బ. కళ్ళు తెరవలేదు. ఇంటి మనిషి ఒకరు రావచ్చు, టికెట్టు మేమే ఇస్తాం అని అక్కడి ఏజెంటు చెప్పాడు. ఈశ్వరి వెళ్తానంది. ఇటు టాటానగర్ స్టేషను, అటు మన ఊరు తప్ప మూడో చోటు ఎరగని పిల్ల. కలకత్తాలో ఎక్కి దుబాయిలో దిగాలి. అక్కడ పగలంతా కూర్చుని ఇంకో విమానం ఎక్కి టర్కీలో దిగాలి. అక్కడ రాత్రంతా కూర్చుని మూడోది ఎక్కితే రొమేనియా. ఎంత చవకైతే అంత చుట్టూ తిప్పుతారు కాబోలు, మన ఊరి పాసింజరు బండి నయం.

వీసా వచ్చేదాకా ఈశ్వరి రోజూ సాయంత్రం ఆసుపత్రికి వీడియో కాల్ చేసేది. అక్కడి నర్సమ్మ ఫోను తీసుకెళ్ళి రమణ చెవి దగ్గర పెట్టేది. ఏం చెప్పేదంటావు? గ్యాసు బండ అయిపోయిందని, పింకీ చదవడం లేదని, మీ నాన్న డాక్టరు వద్దన్నా పకోడీలు తింటున్నాడని. నేను పక్కనుంచి, "ఒరే రమణా, నమ్మకు, దీనికి నా మీద పగ" అనేవాణ్ణి. వాడు వింటున్నాడనే అనుకున్నాం.

అందుకని దారిలో ఎక్కడా ఫోను ఆగకూడదని నేనూ పింకీ సాక్చి బజార్లో సెల్‌ఫోన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన మిశ్రా నాకు తెలిసినవాడే. మనిషి కన్నా ముందు పొట్ట లేచి నమస్తే పెడుతుంది. హిందీలో అన్నీ విడమరిచి చెప్పాడు. యూరప్ ప్యాకు ఒకటి ఉందట, రొమేనియాలో పనిచేస్తుంది, దుబాయి, టర్కీ అందులోకి రావు. దేశానికొకటి చొప్పున విడి ప్యాకులు వేస్తే, దిగిన ప్రతిచోటా ఏది మొదలైందో ఏది కాలేదో తనే చూసుకోవాలి. అక్కడి సిమ్ము అక్కడే కొంటే చవకే గాని పాసుపోర్టు పట్టుకుని వరసలో నిలబడి ఇంగ్లీషు మాట్లాడాలి. విమానాశ్రయంలో ఊరికే వచ్చే వైఫై ఉంటుంది, దానికి మళ్ళీ నంబరుకి ఓటీపీ రావాలి. అన్నిటికన్నా ఖరీదైంది అన్ని దేశాలకీ కలిపి ఒకటే ప్యాకు. బయటి దేశం టవరు తగిలిన దగ్గర్నుంచి దాని రోజులు మొదలు.

"రోజుకో జీబీ అంటే ఎంతేటే? తవ్వెడా, కుంచెడా?" అని పింకీని అడిగాను.

"తాతా, చుప్ రహో నా. మమ్మీ వీడియో కాల్ కరేగీ. అన్ని దేశాలదే తీసుకో," అంది.

అదే వేయించాం.

మర్నాడు పొద్దున్న కలకత్తా రైలు అనగా, మధ్యాహ్నం ఏజెంటు నా ఫోనుకి చేశాడు. ఈశ్వరి పెరట్లో బట్టలు పిండుతోంది. రమణ తెల్లవారుజామున పోయాడని చెప్పాడు. ఎవరు అని అడిగాను. మళ్ళీ చెప్పాడు.

చెప్పులు తొడుక్కుని కొండబాబు ఇంటికి వెళ్ళాను. మా వీధి తెలుగువాళ్ళకి పెద్దమనిషి, రైల్వే గార్డు. రిటైరై ఇన్నేళ్ళయినా జెండా ఊపడం మానలేదు. నాకు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకీ కళ్ళు తడిశాయి. తర్వాత నువ్వన్న మాటే అన్నాడు.

"దారికి సిద్దమైన మనిషికి సావు కబురు సెప్పకూడదు. అక్కడికి ఎల్లనీ, ఆస్పత్రోళ్ళే సెప్తారు. ఇప్పుడు సెప్తే ఆ పిల్ల లెగదు. మరి అక్కడ సంతకాలెవులు పెడతారు, కుర్రోడిని ఎవులు తెత్తారు?"

"ఫోనుందిగదా," అన్నాను. "దుబాయిలో దిగీసరికి పనిచేత్తాది. ఊరోళ్ళ గ్రూపులో అప్పటికే దండేసిన ఫొటో ఎట్టేత్తారు."

కొండబాబు తల గోక్కున్నాడు. "అయితే ఆ ప్లాను తీయించీ. ఆకరి దేశంలోనే పనిచేసీది ఎయ్యించు. దారిలో ఫోను పట్టకపోతే కబురూ పట్టదు."

నాకు తెలివైన మాటలాగే తోచింది. వెనకటి రోజుల్లో టెలిగ్రాంలో చావుని సీరియస్ అని రాయించినట్టు, ఇప్పుడు ప్లానులోంచి రెండు దేశాలు తీయిస్తే సరిపోతుందనుకున్నాను. సాక్చి వెళ్ళాను. ప్యాకు ఇంకా మొదలవలేదు గనక మార్చవచ్చన్నాడు మిశ్రా.

"దాదాజీ, దారిలో కోడలికి ఫోను పనిచెయ్యదు. పరవాలేదా?"

"మా కోడలి సంగతి నీకెందుకు, నీ పొట్ట సంగతి చూసుకో," అన్నాను.

నవ్వాడు. పైడమ్మా, కొడుకు పోయాడన్న కబురు జేబులో పెట్టుకుని నేను సాక్చి బజార్లో ఒకణ్ణి నవ్వించాను. నాకు వేరే విద్య రాదు.

ఇంటికి వచ్చేసరికి ఈశ్వరి పెట్టె సర్దుతోంది. ఒళ్ళో రమణ మెత్తటి చొక్కా. ఒక చేతి కుట్టు భుజందాకా విప్పేసి, అంచులకి నాడాలు కుడుతోంది.

"ఇదేటమ్మా?"

"సేతికి సెలైను సూదుంటాది కదా మావయ్యా, మామూలు సొక్కా ఎక్కదు. ఆస్పత్రి గౌనుకి ఈపంతా కనిపిత్తాది, ఆయనకి సిగ్గు. లేసి కూకున్నాక ఇది ఏత్తాను." దారం కొరికి మళ్ళీ అంది. "దుబాయిలో దిగగానే ఫోను సేసి సెప్తాను ఆయనకి, సగం దూరం వచ్చీసేనని."

నాన్న పోయినప్పటిది గుర్తొచ్చింది. నేను పనిచేసే షెడ్డుకి టెలిగ్రాం వచ్చింది, సీరియస్, వెంటనే బయలుదేరు అని. పలాసలో దిగి బత్తాయిలు కొన్నాను. జ్వరం నోటికి బాగుంటాయని ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరాను. వాకిట్లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది, చిన్నాన్న కొడుకు తల గొరిగించుకుని కూర్చున్నాడు. అందరూ నా చేతిలో సంచీనే చూశారు. నువ్వే లేచి వచ్చి అందుకున్నావు. నా గుండె కాయడానికే అలా రాయించారు, నాకు తెలుసు. కాని దారంతా నేను చచ్చిపోయిన మనిషికి ఏం తినిపించాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. ప్రతిదాన్నీ నవ్వు చేసి చెప్పే నాకు ఆ ఒక్క ప్రయాణాన్ని నవ్వు చెయ్యడం ఈనాటికీ చేతకాలేదు.

ఈశ్వరి ఆ చొక్కా పట్టుకుని రెండు దేశాలు దాటాలి. టర్కీలో రాత్రంతా, పట్టని ఫోను మీద వేలితో గీస్తూ కూర్చోవాలి. అదీ మనం చేసే సాయం.

"ఈశ్వరీ, ఆ సూది పక్కనెట్టమ్మా," అన్నాను.

ఆ పిల్లతో ఏదో ఒక వెటకారం లేకుండా నేను మాట మొదలుపెట్టను. అందుకే కాబోలు, చెప్పకముందే గోడకి చేరబడిపోయింది.

"మన రమణ పోనాడమ్మా. తెల్లారగట్ల."

ఆచారం తప్పానంటావు. దారిలో ఉన్న మనిషికి కదా చెప్పకూడదు? ఆ పిల్ల ఇంకా గడప దాటలేదు. కొండబాబుకీ ఇదే చెప్పాను, బండి ఎక్కనివాడు ప్రయాణికుడెలా అవుతాడయ్యా, నీ రైల్వే రూలే కదా అని.

ఏడుపు సంగతి రాయను. పింకీ కాలేజీ నుంచి వచ్చాక ఈశ్వరే చెప్పింది. దీపాలు పెట్టే వేళకి మొహం కడుక్కుని నా ముందుకి వచ్చింది.

"ఎల్తాను మావయ్యా."

"తెలిసీ ఎల్తావా?"

"ఎవులో పరాయోళ్ళు పెట్టిలో ఎట్టి పంపిత్తే, అది ఆయనేనని నాకెలగ తెలుత్తాది? నేనే తెత్తాను." ఫోను చేతిలోకి తీసుకుని అడిగింది. "ఫోనుకి ఏ ప్లాను ఉంది?"

"ఆకరి దేశంలోనే పనిచేసీది. మద్దేనం మార్పించేను."

"ఎందుకు?"

చెప్పాను. నా మొహం చూడలేదు.

"మళ్ళీ మార్పించీండి. అన్ని సోట్లా పనిచెయ్యాల. దారిలో నాకెవులున్నారు?"

కొట్టు మూసేలోగా పరిగెత్తాను. మళ్ళీ ఏమిటి దాదాజీ అన్నాడు మిశ్రా. ఈసారి జోకు రాలేదు, సంగతి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడే ప్యాకు మార్చాడు.

దుబాయిలో దిగాక వీడియో కాల్ వచ్చింది. ఈశ్వరి మాట్లాడలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుందో ఏమో, పైకప్పు దీపాలూ చీర కొంగూ కనిపించాయి.

"మమ్మీ, కుచ్ తో బోలో," అంది పింకీ.

"అక్కడ కూకోండి, సాలు," అంది.

కూర్చున్నాం. పక్కసీటు ఆవిడ, ఏ దేశం మనిషో, టీ తెచ్చి ఇచ్చింది. గాజుల్లేని చెయ్యి ఒక్కటే కనిపించింది. నలుగురి మద్దినా కూర్చుందన్నావే, ఆ నలుగురూ ఇలాంటివాళ్ళు. టర్కీలోనూ అంతే. రోజుకిచ్చిన జీబీ అంతా మేం పైకప్పు చూడ్డానికే అయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు నోరు మూసుకున్నది లేదు.

రొమేనియాలో ఆ గది ముందు నిలబడి, "సూత్తారా మావయ్యా?" అని అడిగింది. చూస్తానన్నాను. పింకీని అవతలికి పొమ్మంటే పోలేదు. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మీసం గీసేశారు. మనవాడు కాదేమో, ఇంకెవరి బిడ్డో అని ఒక్క క్షణం పాపిష్టి ఆశ పడ్డాను. ఈశ్వరి వాడి మెడ దగ్గర నిప్పురవ్వ పడ్డ పాత మచ్చ చూపించింది. చొక్కా తనే తొడిగింది. చేతులు బిగుసుకుపోయి వంగలేదు, కుట్టు విప్పి ఉంది కాబట్టి ఎక్కింది.

తెచ్చింది. సువర్ణరేఖ నది ఒడ్డున నేను కొరివి పెట్టాను. ఆచారాలు తప్పడం సంగతి మాట్లాడుకోవాలంటే, అక్కడ తప్పింది వరస. దేవుణ్ణి అడుగు.

ఆ పిల్ల మైలలో విమానం ఎక్కిందంటే ఎక్కింది. నేను చెప్పకపోయినా మైలలోనే ఎక్కేది, తెలియకుండా ఎక్కేది. తేడా అంతే. నువ్వు నన్ను తిట్టు. నీ ఇంటి శుభాలకి నన్ను పిలవకు, వచ్చి లడ్డూలు ఖాళీ చేస్తానన్న నీ భయమూ తీరుతుంది. ఆ పిల్లని మాత్రం పిలవాలి, ముందు వరసలో కూర్చోబెట్టాలి.

వీలైతే నీ చేతి చింతకాయ పచ్చడి ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో పంపు. నీదైతే ఈశ్వరి నాలుగు ముద్దలు తింటుందేమో. బావని వానలో తిరగొద్దని చెప్పు. అమ్మవారికి మా ముగ్గురి పేరునా దణ్ణం పెట్టు. పెద్దలకి నా నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

మూడు దేశాల్లో పట్టిన ఫోను మన ఊళ్ళో పట్టడం లేదని ఆ పిల్ల నాతో అనలేదు. సిగ్నలు లేదేమో మావయ్యా అంటోంది, నిన్ను కాయడానికి. ఆదివారం మళ్ళీ చేస్తుంది. ఎత్తు. ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరికే పట్టుకుని కూర్చో.

ఇట్లు,
మీ అన్న
అప్పలస్వామి