కనబడని చెక్క

ప్రియమైన నాన్నా,

పరంజా కట్టడానికి అంత ఎత్తు ఎక్కి కూడా సిగ్నల్ అందదంటావేంటని పిన్ని నవ్వుతోంది. అమ్మ కుట్టిన గౌను నాకు పొట్టిదైతే, లోపల వదిలిన గుడ్డ విప్పి పిన్ని పొడుగు చేసింది.

నా గేమ్ దాదాపు అయిపోయింది. కంప్యూటర్లో ఆజ్ఞలు రాసున్న బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలించి మన ఇల్లే కట్టాను. మెట్లు, వంటగది, అమ్మ మిషన్ గది, చివర మేడ. కాళ్ల కింద చెక్క ఉంటే బొమ్మ నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. కానీ మేడ అంచు దాటాక, అమ్మ జారిపడిన చోట, బొమ్మ పడట్లేదు. గాలిలో నిలబడుతోంది. దానికి అమ్మకిష్టమైన పచ్చ రంగే వేశాను, అందుకే నాకు భయం వేయలేదు.

నీ బుజ్జి

బంగారు తల్లీ,

దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. బొమ్మని మేడ మీదకి తీసుకెళ్లకు, కింది గదుల్లో ఆడించుకో. ఇక్కడ పని తెగట్లేదు. నేను రావడానికి ఇంకో నెల పట్టేలా ఉంది.

ముద్దులతో, నాన్న

ప్రియమైన నాన్నా,

ఇంకో నెల అని నువ్వు రాయడం ఇది మూడోసారి.

బొమ్మ బ్లాకులు, నేల బ్లాకులు అన్నీ విప్పి చూశాను. తప్పేమీ లేదు. పిన్నికి చూపిస్తే ముఖం పాలిపోయింది. నిన్న బట్టలు తేవడానికి మేడెక్కి, అంచున నిలబడి ఒక పాదం గాలిలోకి పెట్టాను. కింద మెత్తగా ఏదో తగిలినట్టే ఉంది. ఆదివారం రెండో పాదం కూడా పెట్టి చూస్తాను.

నీ బుజ్జి

తల్లీ,

ఆదివారం లోపే నీకు చేరాలని దీన్ని లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మేడ ఎక్కకు. పిన్నికి ఈ ఉత్తరం చూపించి తలుపుకి తాళం వేయించు.

ఆ చెక్క పెట్టింది నేనే. బయల్దేరే రోజు, నువ్వు స్కూల్లో ఉండగా నీ గేమ్ ఆడాను. పచ్చ బొమ్మ అక్కడ పడిపోతుంటే చూడలేకపోయాను. నేల చెక్కకి ఇంకో ప్రతి తీసి, కనబడకుండా అక్కడ బిగించాను. దాని బ్లాకులు గేమ్‌లో ఆకాశం మీదున్న మబ్బు బొమ్మలో దాచాను, చూడు. ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే ధైర్యం చాలట్లేదు, అందుకే నెల నెలా వాయిదా వేస్తున్నాను.

చెక్క గేమ్‌లోనే ఉంది. మేడ బయట ఉన్నది గాలే తల్లీ.

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

ఉత్తరం శనివారమే అందింది. తాళం పడింది, తాళంచెవి పిన్ని మెడలో ఉంది.

మబ్బులో నీ చెక్క దొరికింది. సరిగ్గా బొమ్మ కాళ్లంత వెడల్పే, నీ కొలతలన్నీ అంతే కదా. తీసేశాను.

బొమ్మ పడలేదు. పిన్ని కూడా చూసింది. అటూ ఇటూ నడిపించాం. ఇప్పుడున్నది నీ చెక్క కంటే వెడల్పు. రెండు పక్కలా కాస్త ఎక్కువ వదిలి ఉంది, అమ్మ నా గౌన్లలో వదిలినట్టు. దానికి బ్లాకులు ఎక్కడా లేవు. ఈ గేమ్ మొదలుపెట్టింది అమ్మ పోయాకే, నీకు తెలుసు.

పిన్ని ఏడ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని గేమ్ ఇంకోసారి ఆడాం.

గేమ్‌లో అమ్మ చూసుకుంటుంది. మేడకి పిట్టగోడ మాత్రం నువ్వే వచ్చి కట్టాలి.

ఎదురుచూస్తూ, బుజ్జి