గుమ్మంలోని పట్టాలకు టంకం వేయరాదు

నేను, కోటగిరి శివశంకర్, తండ్రి కీర్తిశేషులు సంగమేశ్వర్, వయసు డెబ్బై ఒకటి, కరెంటు సామాన్ల వ్యాపారిని, తాండూరు నివాసిని. ఎవరి ఒత్తిడీ, ఎవరి ప్రలోభమూ లేకుండా, తెలివిలో ఉండి నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివిలో ఉన్నానని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. మనసు నిమ్మళంగా ఉందని మాత్రం ఏ డాక్టరూ రాసివ్వలేదు, నేనూ రాయను. వచ్చే వారం హైదరాబాద్‌లో నాకు గుండె ఆపరేషన్. మామూలు ఆపరేషనే అని అక్కడి డాక్టర్లు చెప్పిన దగ్గర్నుంచి భయం ఇంకా ఎక్కువైంది.

ఇంతకుముందు నేను రిజిస్టరు చేయించిన వీలునామా దీనితో రద్దు. ఎందుకు రద్దు చేశానో ఆరో అంశంలో ఉంది. తొందరపడి ముందు అది చదవకండి, వరసగా రండి.

1. నా వారసులు. నా భార్య మనోరమ కాలం చేసింది. పెద్ద కొడుకు సుధాకర్ నాతోనే ఉంటూ దుకాణం చూస్తాడు. అతని భార్య సాహిత్య పుట్టిల్లు పరిగి. కూతురు ప్రణవి కాపురం వికారాబాద్‌లో. చిన్న కొడుకు రిత్విక్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. రిత్విక్ పుట్టుకతోనే తీరు వేరైన మనిషి. మాటలు చాలా తక్కువ. నిన్న జరిగినట్టే ఇవాళ జరగాలి, లేకపోతే తల గోడకు కొట్టుకుంటాడు. నేను పోయాక వాడు ఎవరి దగ్గర బతకాలి అన్నదే ఈ కాగితానికి కారణం. మిగతా వాటి గురించి నాకు ఫికర్ లేదు.

2. దుకాణం, అందులోని సరుకు సుధాకర్‌కు చెందుతాయి. కోట్‌పల్లి దగ్గరి పొలం, మనోరమ నగలు అన్నీ ప్రణవికి. గుండ్ల హారం కొక్కెం వదులుగా ఉంది, వేసుకునే ముందు బాగు చేయించుకో బిడ్డా. మీ అమ్మ చివరిదాకా సూదిపిన్నుతోనే లాక్కొచ్చింది.

3. కుల్కచర్లలో ఉండే నా అక్క గౌరమ్మకు నా ఉన్ని శాలువా ఇవ్వాలి. "గీ వయసుల బొమ్మ రైలుతోని ఆటలేందిర?" అని పదిమందిలో నా పరువు తీసింది ఈమే. రిత్విక్ జ్వరంతో పడుకుంటే వారం రోజులు పక్కన కూర్చున్నదీ ఈమే. మొదటిది మర్చిపోలేదు. శాలువా రెండోదానికి.

4. చిన్న రైలు. ఇంజను నా చూపుడువేలంత ఉంటుంది. దాని పట్టాలు జానెడు జానెడు ముక్కలుగా దొరుకుతాయి. ఒక ముక్క కొన ఇంకో ముక్క క్లిప్పులో దూరుతుంది, ఆ క్లిప్పుల గుండానే కరెంటు పోతుంది. మన లైను రిత్విక్ గదిలో మొదలై, గుమ్మం దాటి, హాల్లో దివాన్‌ను చుట్టి, మళ్ళీ అదే గుమ్మంలోంచి గదిలోకి వస్తుంది. లోపలి తలుపు కాబట్టి గడప లేదు, అదొక్కటి కలిసొచ్చింది. ఇంజన్లు, డబ్బాలు, పట్టాలు, ట్రాన్స్‌ఫార్మర్ సర్వం రిత్విక్ సొంతం. వాటిని ఎవరూ పంచుకోరాదు. ముక్కలుగా ఉన్నాయి కదా, తలా కొన్ని అని ఏ పెద్దమనిషికైనా తోచవచ్చు. సగం చుట్టు ఎవరికీ పనికిరాదు.

5. ముక్క పాడైతే కొత్తది ఎలా కొనాలో రాస్తున్నాను. నేను లేకపోతే మీరు ఏదో ఒకటి తెచ్చి పెడతారని నా బాధ.

పాత కంపెనీదే తేవాలి. వేరే కంపెనీది చూపుకు ఒకటే అనిపిస్తుంది, కానీ వేలితో తడిమితే అతుకు దగ్గర చిన్న మెట్టు తగులుతుంది. ఇంజను పట్టా తప్పేది అక్కడే. ఇత్తడి పట్టాలు చవకగా వస్తాయి, వద్దు. అవి తొందరగా మసి పట్టి కరెంటు అందనివ్వవు. తెల్లగా మెరిసేవి తీసుకోండి. మలుపు ముక్కల్లో అన్నిటికన్నా పెద్ద మలుపుదే ఎంచుకోండి. దివాన్ అడ్డం వస్తోందని చిన్న మలుపు వేస్తే పొడుగు డబ్బాలు పడిపోతాయి. దివాన్‌ను జరపండి, మలుపును కాదు. కొత్త ముక్క కొనలను సన్న ఆకురాయితో ఒక్కసారి రాసి, గరుకు పోయాకే కలపండి. మన నాప బండల మధ్య సందుల మీద పట్టా ఊగుతుంది కనుక అక్కడ అట్టముక్కలు పెట్టాను. దయచేసి వాటిని చెత్త అనుకొని పారేయవద్దు. ఇది రెండుసార్లు చెబుతున్నాను అనుకోండి.

6. గుమ్మం సంగతి. లైనంతా బాగానే ఉన్నా గుమ్మం దగ్గర బండి ఆగిపోయేది. బండి ఆగితే రిత్విక్ నోటితో కూత వేయడం మాని నా వైపు చూస్తాడు. ఆ చూపు నేను తట్టుకోలేను. విప్పి చూస్తే అక్కడి క్లిప్పులు ఎప్పుడూ వదులే. మార్చాను, మళ్ళీ వదులే. నాసిరకం సరుకు అమ్మాడని సికింద్రాబాద్‌లో పట్టాలు అమ్మిన దుకాణాయనతో గొడవ పడ్డాను. ఇవాళ గుమ్మంలో ఆగిన బండి నేను పోయాక ఎన్నిచోట్ల ఆగుతుందో, అప్పుడు వీడు ఎవరి వైపు చూస్తాడో అన్నదే నా దిగులు.

మొన్న శ్రావణంలో సాహిత్య వాళ్ళ అమ్మను చూడటానికి పరిగి పోయింది. ఆదివారం, దుకాణం మూత. కూర్చుని గుమ్మంలో పోయే పట్టాను, వచ్చే పట్టాను అటూ ఇటూ పక్క ముక్కలకు టంకం వేసి అతికేశాను. బండి గుమ్మం దాటి నీళ్ళలా పోయింది. ఇక నా ప్రాణం పోయినా ఆగదు అనుకున్నాను.

తెల్లవారి సాహిత్య తిరిగొచ్చింది. నేను దుకాణానికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. లోపల నుంచి రిత్విక్ అరుపు. పోయి చూస్తే వాడు గుమ్మంలో కూర్చుని అతికిన పట్టాను రెండు చేతులతో గుంజుతున్నాడు. పట్టా వంగింది, వేలు కోసుకుంది, వాడు వదలడం లేదు. సాహిత్య చీపురు కింద పడేసి నా మీదికి వచ్చింది.

"ఏం జేసిన్రు మామా? రోజు గా రెండు ముక్కలు తీసి పెట్టేది రిత్వికే. గా పని ఆయనది!"

అప్పుడు తెలిసింది. ఆమె పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి నాతో ఒకటే గొణుగుడు. "ఊడ్వరాదు, తుడ్వరాదు, ఇల్లా, టేషనా ఇది?" అనేది. ఈమెకు వీడి రైలు గిట్టదు, రేపు వీడూ గిట్టడు అని నేను తీర్మానించుకున్నాను. రిత్విక్‌ను ప్రణవి దగ్గరికి పంపాలని మొదటి వీలునామాలో రాసింది అందుకే. నేను దుకాణానికి పోయాక, ఆదివారమైతే బజారుకు పోయాక జరిగేది వేరు. రిత్విక్ బండిని గదిలో ఆపుతాడు. గుమ్మంలోని రెండు ముక్కలు ఊడదీసి తువ్వాలులో చుట్టి, దివాన్ మీద కాళ్ళు పైకి పెట్టుకొని ఒడిలో పట్టుకుంటాడు. ఆమె గదిలోని చెత్తను గుమ్మంలోంచి ఇవతలికి ఊడ్చి, తుడుస్తుంది. తర్వాత వాడు దిగి బండల మీద అరచెయ్యి పెట్టి చూసి "ఆరింది" అంటాడు. అనేదాకా ఇంట్లో ఎవరూ అడుగు వేయరు, సుధాకర్ కూడా. అన్నాక ముక్కలు మళ్ళీ కలుపుతాడు. రోజూ ఊడదీస్తే క్లిప్పులు వదులు కాక ఏమవుతాయి?

సుధాకర్‌ను అడిగాను, నాకెందుకు చెప్పలేదని. "నాకు ఎర్కనే నాయినా. నువ్వు అడుగలే, నేను చెప్పలే" అన్నాడు. ఇలాంటివాడి చేతిలో దుకాణం పెడుతున్నాను.

టంకం ఆ రోజే కరిగించాను. వంగిన ముక్కలు మార్చాను. గుమ్మానికి ఇరువైపులా పట్టాలకు విడిగా కరెంటు తీగలు ఇచ్చాను. ఒక క్లిప్పు వదులైనా రెండో వైపు నుంచి కరెంటు అందుతుంది. ఇప్పుడు బండి ఆగడం లేదు. ఇందుమూలంగా నిర్దేశించేది ఏమంటే, గుమ్మంలోని ఆ రెండు ముక్కలను టంకంతో గాని, జిగురుతో గాని, మేకుతో గాని ఎవరూ, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, శాశ్వతంగా బిగించరాదు. ఏటేటా కొత్త క్లిప్పులు కొని పెట్టాలి.

7. తాండూరులోని ఇల్లు రిత్విక్‌కు. వాడి జీవితకాలంలో అమ్మరాదు, కుదువ పెట్టరాదు. సుధాకర్, సాహిత్య అందులోనే ఉండాలి. నా పేరున ఉన్న గోదాము మీద వచ్చే అద్దె రిత్విక్ ఖర్చులకు. వాడి సంరక్షకురాలిగా నా కోడలు సాహిత్యను కోరుకుంటున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత సుధాకర్, ప్రణవి ఇద్దరిదీ.

ప్రణవీ, నీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా. నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా తమ్ముడు అన్నం ముట్టడం లేదని నువ్వు ఏడ్చావు. అది నీ వంట తప్పు కాదు. అక్కడ వాడికి చేయడానికి ఏమీ లేదు. అలిగి రాకపోకలు మానుకుంటావేమోనని భయంగా ఉంది. మానుకోకు.

8. సుధాకర్ సికింద్రాబాద్ పోయి ఆ దుకాణాయనకు నా తరఫున క్షమాపణ చెప్పాలి. సరుకులో లోపం లేదు.

9. ఇంత రాశాక కూడా నాకు నమ్మకం కుదరలేదు. నా తర్వాత వాణ్ని చూసుకుంటావా అని సాహిత్యను నేరుగా అడిగాను. "నన్నెందుకు అడుగుతున్రు మామా? రిత్విక్‌ను అడుగున్రి" అని వంటింట్లోకి పోయింది. వాడి గురించి డాక్టర్లను అడిగాను, స్వాములను అడిగాను, చుట్టాలను అడిగాను. వాణ్ని ఏనాడూ ఏదీ అడగలేదు. నిన్న పక్కన కూర్చున్నాను. హైదరాబాద్ పోతున్నానని, రావడం ఆలస్యం కావచ్చని, రాకపోనూవచ్చని చెప్పాను. వికారాబాద్ పోయి అక్క దగ్గర ఉంటావా అని అడిగాను. వాడు డబ్బాలు ఒక్కొక్కటే సరిచేసుకున్నాడు. తర్వాత నా మొహం చూడకుండానే అన్నాడు.

"పొద్దుగాల పనుంది."

కనుక ఈ వీలునామా నా ఇష్టప్రకారమే కాక, నా కుమారుడు రిత్విక్ ఇష్టప్రకారం కూడా రాయబడినది.

తాండూరు, 2025 నవంబరు 12.

(సంతకం) కోటగిరి శివశంకర్

ఆయన చదువుకొని మా ముందు సంతకం చేయగా చూసి, ఆయన ముందే మేమూ సంతకాలు చేశాము. ఇందులో మాకు ఏ వాటా లేదు.

సాక్షులు:
1. ఇమ్మానుయేలు, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, వికారాబాద్
2. హన్మయ్య, నాప బండల వ్యాపారి, తాండూరు